సగం దిగిన డెస్క్‌టాప్: డెబియన్ టెస్టింగ్‌లో భారీ అప్‌గ్రేడ్‌లు ఎందుకు చిక్కుపడతాయి?

క్లుప్తంగా: డెబియన్ లినక్స్‌లో తర్వాతి విడుదల తయారయ్యే శాఖ టెస్టింగ్. దాంట్లోకి ప్లాస్మా, గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌ల కొత్త వెర్షన్ ఒక్క రోజులో రాదు. వందలాది ప్యాకేజీలు వారాల తరబడి విడతలుగా దిగుతాయి. వాడుకరికి వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం కొత్త వెర్షన్‌లోని బగ్స్ వల్ల కాదు, పాతదీ కొత్తదీ కలగలిసి ఉండే ఆ మధ్యకాలం వల్ల. ప్యాకేజీలను ఎక్కించే సాధనం ఆప్ట్ చూపించే తొలగింపుల జాబితాను చదవడం, కుదరకపోతే కొన్నాళ్ళు ఆగడం, ఈ రెండూ తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

టెస్టింగ్ వాడేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ దృశ్యం ఎదురవుతుంది. రోజూలాగే అప్‌గ్రేడ్ కమాండ్ ఇస్తే, వంద పైచిలుకు ప్యాకేజీలను ప్రస్తుతానికి ఆపి ఉంచానని ఆప్ట్ చెబుతుంది. సరే, ఫుల్-అప్‌గ్రేడ్ ఇద్దామనుకుంటే, అన్నీ ఎక్కిస్తాను గానీ మీ డెస్క్‌టాప్‌ను తీసేస్తానంటుంది. రెండు జవాబులూ నిజమే. రెండూ ఒకే కారణం నుంచి పుట్టినవి కూడా.

2024లో కేడీఈ ప్లాస్మా 6 వచ్చినప్పటి కథ ఈ కారణాన్ని బాగా చూపిస్తుంది. ప్లాస్మా 6 డెస్క్‌టాప్, దాని కింద ఉండే ఫ్రేమ్‌వర్క్స్ 6 లైబ్రరీలు (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్), అప్లికేషన్ల గుంపు గేర్ 24.02, ఈ మూడింటినీ కేడీఈ ప్రాజెక్టు 2024 ఫిబ్రవరి 28న ఒకేసారి విడుదల చేసింది. ఆర్చ్ లినక్స్‌లోకి కొద్దిరోజుల్లోనే వచ్చింది. ఏప్రిల్‌లో ఫెడోరా 40తో కలిసి వచ్చింది. డెబియన్‌లో మాత్రం ముందు శాఖలైన ఎక్స్‌పెరిమెంటల్, అన్‌స్టేబుల్ దాటుకుని టెస్టింగ్‌కు చేరేసరికి ఆ సంవత్సరం ద్వితీయార్ధం వచ్చేసింది. ఈ ఆలస్యానికి బద్ధకం కారణం కాదు. టెస్టింగ్ శాఖ కట్టుబాట్లే అలాంటివి.

గేటు దగ్గర ఏం చూస్తారు

డెబియన్‌లో కొత్త ప్యాకేజీ ముందుగా అన్‌స్టేబుల్‌లోకి వెళుతుంది. అక్కడి నుంచి టెస్టింగ్‌లోకి పంపాలా వద్దా అన్నది బ్రిట్నీ అనే ప్రోగ్రామ్ తేలుస్తుంది. మనుషులు ప్రతి ప్యాకేజీనీ చూసి సంతకం పెట్టే పద్ధతి కాదిది. షరతులు తీరితే గేటు తెరుచుకుంటుంది, తీరకపోతే లేదు.

ఆ షరతుల్లో మొదటిది వయసు. అప్‌లోడ్ చేసినప్పుడు పెట్టిన అత్యవసర స్థాయిని బట్టి ప్యాకేజీ 10, 5 లేదా 2 రోజులు అన్‌స్టేబుల్‌లో గడపాలి. టెస్టింగ్‌లో ఇప్పుడున్న వెర్షన్‌లో లేని తీవ్రమైన బగ్ కొత్తదాంట్లో ఉండకూడదు. ఇంతకుముందు ఏయే ప్రాసెసర్ రకాలపై బిల్డ్ అయిందో వాటన్నిటిపైనా బిల్డ్ అయి ఉండాలి. ఆటోమేటిక్ పరీక్షలుంటే, ఇంతకుముందు పాసైనది ఇప్పుడు ఫెయిలవకూడదు. అన్నిటికంటే బరువైన షరతు చివరిది: ఈ ప్యాకేజీ లోపలికి రావడం వల్ల టెస్టింగ్‌లోని మరో ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాని స్థితికి రాకూడదు.

చిన్న ప్యాకేజీలకు ఇవన్నీ ఇట్టే తీరిపోతాయి. డెస్క్‌టాప్ విషయంలో అలా కాదు. ప్లాస్మా అంటే ఒక ప్రోగ్రామ్ కాదు. విండోలను నడిపే కేవిన్, ప్యానెల్, సెట్టింగ్స్, స్క్రీన్ లాక్, నోటిఫికేషన్లు, వీటన్నిటి కింద ఫ్రేమ్‌వర్క్స్ లైబ్రరీలు, వాటికింద కిటికీలు, బటన్లు గీసే క్యూటీ లైబ్రరీ. తీగ లాగితే డొంకంతా కదలాల్సిందే. అందుకని బ్రిట్నీ ఒక్కో ప్యాకేజీని విడిగా లోపలికి తోసి చూస్తుంది, కుదరకపోతే గుంపుగా కలిపి చూస్తుంది. అదీ కుదరకపోతే రిలీజ్ టీమ్ ఫలానా ప్యాకేజీలన్నీ కలిపి ప్రయత్నించమని సూచన ఇస్తుంది. పెళ్ళి బస్సులో అందరూ ఎక్కి కూర్చున్నా, ఒక్క బంధువు రాలేదని బస్సు కదలకపోవడం ఇక్కడ మామూలే. అలా రానిది ఎవరూ పట్టించుకోని ఒక చిన్న ప్యాకేజీ అయితే, దాన్ని టెస్టింగ్ నుంచి తప్పించి బస్సును కదిలిస్తారు.

ఈ పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది, చాలా అపార్థాలకు మూలం అదే. బ్రిట్నీ పరీక్షించేది ఒక్కో ప్యాకేజీని విడివిడిగా ఇన్‌స్టాల్ చెయ్యడం సాధ్యమేనా అని మాత్రమే. ఫలానా రెండు ప్యాకేజీలు ఒకే కంప్యూటర్‌లో కలిసి ఉండగలవా అన్నది అది చూడదు. పాత ప్లాస్మాకు అంటిపెట్టుకున్న ఒక విడ్జెట్, కొత్త ప్యానెల్, రెండూ వేర్వేరుగా ఇన్‌స్టాల్ అవుతుంటే దాని లెక్కలో అంతా బాగానే ఉన్నట్టు. ఆ రెండూ ఉన్న వాడుకరి దగ్గర మాత్రం ఆప్ట్ ఒకదాన్ని బలివ్వాల్సి వస్తుంది. ఇక ఇన్‌స్టాల్ అయినవి సరిగా పనిచేస్తాయా లేదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న.

పేరు మారే లైబ్రరీలు

సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన లైబ్రరీలకు బైనరీ స్థాయిలో ఒక ఒప్పందం ఉంటుంది. కొత్త వెర్షన్ ఆ ఒప్పందాన్ని మారిస్తే పాత ప్రోగ్రామ్‌లు దానితో నడవవు. అందుకే డెబియన్ లైబ్రరీ ప్యాకేజీ పేరులోనే ఒక సంఖ్య ఉంటుంది, ఒప్పందం మారినప్పుడు పేరూ మారుతుంది. దాన్ని వాడుకునే ప్రోగ్రామ్‌లన్నిటినీ కొత్తదానితో మళ్ళీ బిల్డ్ చెయ్యాలి. దీన్నే ట్రాన్సిషన్ అంటారు. ఆ ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్ ముందు ఎక్స్‌పెరిమెంటల్‌లో పెట్టి, ఏవేవి బిల్డ్ కావడం లేదో చూసుకుని, రిలీజ్ టీమ్ దగ్గర వరుస కోసం అడుగుతారు. ఒకదానికొకటి అడ్డుపడే రెండు ట్రాన్సిషన్లు ఒకేసారి మొదలైతే రెండూ ఇరుక్కుంటాయి, అందుకే ఆ వరుస.

గ్నోమ్‌లో ఈ తంతు ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ జరుగుతుంది. గ్నోమ్‌లో విండోలను నడిపే మట్టర్ లైబ్రరీ పేరులో సంఖ్య ప్రతిసారీ మారుతుంది. పైగా డెబియన్‌లో ప్యాక్ చేసిన షెల్ ఎక్స్‌టెన్షన్లు ఏ గ్నోమ్ వెర్షన్ దాకా పనిచేస్తాయో తమ డిపెండెన్సీల్లో, అంటే తమకు కావలసిన ప్యాకేజీల జాబితాలో, ముందే రాసుకుంటాయి. కొత్త షెల్ రావాలంటే ఎక్స్‌టెన్షన్లన్నీ మారాలి, లేదా టెస్టింగ్ నుంచి పోవాలి. సెప్టెంబరు గడిచాక టెస్టింగ్ వాడుకరులకు ఇష్టమైన ఎక్స్‌టెన్షన్ కనిపించకుండా పోవడానికి తరచూ ఇదే కారణం.

కేడీఈ వైపు చిక్కు వేరు. క్యూటీ బయటి ఒప్పందం ఏళ్ళ తరబడి స్థిరంగా ఉంటుంది. కానీ కేవిన్ లాంటి కొన్ని ప్రోగ్రామ్‌లు క్యూటీ లోపలి భాగాలను కూడా వాడుకుంటాయి, వాటికి ఏ హామీ లేదు. ఫలితంగా క్యూటీ మామూలు వెర్షన్ మారినా ఆ ప్రోగ్రామ్‌లన్నిటినీ రీబిల్డ్ చెయ్యాలి. అంటే బయటికి చిన్న అప్‌డేట్‌లా కనిపించేది లోపల ఒక ట్రాన్సిషనే.

క్యూటీ 5 నుంచి 6కు మారడంలో ఒక మేలు కూడా ఉంది. రెండు తరాల లైబ్రరీలూ పక్కపక్కనే ఉండగలవు, కాబట్టి క్యూటీ 5 మీద రాసిన పాత అప్లికేషన్లు ప్లాస్మా 6లోనూ నడుస్తాయి. పక్కపక్కన ఉండలేనిది డెస్క్‌టాప్ మాత్రమే: ప్లాస్మా 5, ప్లాస్మా 6 రెండింటినీ ఒకే సిస్టమ్‌లో పెట్టుకోలేం. అందుకే అప్లికేషన్లు నెమ్మదిగా ఒక్కొక్కటే మారినా ఫరవాలేదు గానీ డెస్క్‌టాప్ ముక్కలు మాత్రం ఒకే తరం నుంచి ఉండాలి. వాటి మధ్య వెర్షన్ షరతులు గట్టిగా రాయకపోతే సగం పాతవి, సగం కొత్తవి గేటు దాటిపోతాయి.

2024 వసంతం: రెండు వరదలు ఒకేసారి

ప్లాస్మా 6 విడుదలైన సమయానికే డెబియన్ అన్‌స్టేబుల్‌లో మరో పెద్ద పని మొదలైంది. 32-బిట్ సిస్టమ్‌లలో సమయాన్ని లెక్కపెట్టే సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64-బిట్‌కు పెంచడానికి, ముఖ్యంగా ఆర్మ్ ప్రాసెసర్ల కోసం, వందలాది లైబ్రరీల పేర్లకు 'టీ64' అనే తోక తగిలించి, వాటిపై ఆధారపడినవన్నీ రీబిల్డ్ చేశారు. 64-బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ కంప్యూటర్లలో నిజానికి మారిందేమీ లేదు. అయినా ప్యాకేజీ పేర్లు అన్ని ప్రాసెసర్లకూ ఒకేలా ఉండాలి కాబట్టి అక్కడా పేర్లు మారాయి.

గ్లిబ్, జీటీకే, క్యూటీ లాంటి పునాది లైబ్రరీలు కూడా ఇందులో ఉండడంతో వారాల తరబడి టెస్టింగ్‌లోకి రాకపోకలు దాదాపు ఆగిపోయాయి. ఆ గుట్ట కరిగేదాకా ప్లాస్మా 6 లాంటి మరో కొండను దానిపైన పెట్టడం అర్థం లేని పని.

ఆ రోజుల్లోనే, మార్చి 29న, ఎక్స్‌జెడ్ కంప్రెషన్ ప్యాకేజీలో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. డెబియన్ విడుదల చేసిన శాఖ స్టేబుల్‌కు అది తగల్లేదు. టెస్టింగ్, అన్‌స్టేబుల్‌లోకి మాత్రం అప్పటికే వచ్చేసింది. విరుగుడుగా ఇచ్చిన ప్యాకేజీ వెర్షన్ చూస్తే టెస్టింగ్ స్వభావం అర్థమవుతుంది: వెర్షన్ సంఖ్యలో 5.6.1 అని రాసి, పక్కనే 'నిజానికి 5.4.5' అన్న అర్థం వచ్చే ముక్క తగిలించారు. డెబియన్ రిపాజిటరీలో వెర్షన్ సంఖ్య వెనక్కి నడవదు. పాతదానికి తిరిగి వెళ్ళాలన్నా కొత్తదానిలా వేషం వేసుకుని రావాలి. వాడుకరి కంప్యూటర్‌లో డౌన్‌గ్రేడ్ ఎందుకు కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

సెక్యూరిటీ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. స్టేబుల్‌కు ఉన్నట్టు టెస్టింగ్‌కు నేరుగా సెక్యూరిటీ అప్‌డేట్లు అందే ఏర్పాటు మామూలు రోజుల్లో లేదు. దిద్దుబాటు కూడా అన్‌స్టేబుల్ మీదుగా, అదే గేటు గుండా రావాలి. ట్రాన్సిషన్‌లో ఇరుక్కున్న ప్యాకేజీకి దిద్దుబాటు కూడా ఇరుక్కుంటుంది. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, కొన్ని వారాలపాటు టెస్టింగ్ భద్రత స్టేబుల్ కంటేనే కాదు, అన్‌స్టేబుల్ కంటే కూడా వెనకబడి ఉండవచ్చు.

తొలగింపుల జాబితాను చదవడం

ఆప్ట్‌లో మామూలు అప్‌గ్రేడ్ కమాండ్ ఏ ప్యాకేజీనీ తొలగించదు. తొలగించక తప్పనివాటిని ముట్టుకోకుండా ఆపి ఉంచుతుంది. ఫుల్-అప్‌గ్రేడ్‌కు ఆ మొహమాటం లేదు. ట్రాన్సిషన్ నడుస్తున్న రోజుల్లో మొదటిది రోజూ ఇచ్చుకోవచ్చు, పెద్దగా ప్రమాదం ఉండదు. రెండోది ఇచ్చేముందు మాత్రం ఎంటర్ నొక్కే వేలిని కాస్త ఆపాలి. నిజంగా ఏమీ చెయ్యకుండా, చేస్తే ఏం జరుగుతుందో మాత్రమే చూపించే సిమ్యులేట్ పద్ధతి ఆప్ట్‌లో ఎప్పటి నుంచో ఉంది.

జాబితా పొడవును బట్టి భయపడనక్కర్లేదు. టీ64 రోజుల్లో ఒక్కో కంప్యూటర్‌లో వందలకొద్దీ తొలగింపులు కనిపించాయి. కానీ వాటిలో చాలావరకు పాత పేరున్న లైబ్రరీలు, అదే పేరుకు టీ64 తోకతో కొత్తవి పక్క జాబితాలోనే ఉన్నాయి. అది మార్పిడే, నష్టం కాదు. లిబ్‌తో మొదలై చివర సంఖ్య ఉన్నది పోతూ, అదే పేరు పెద్ద సంఖ్యతో వస్తుంటే ముందుకు వెళ్ళవచ్చు. ప్లాస్మా-డెస్క్‌టాప్, కేవిన్, గ్నోమ్-షెల్, లాగిన్ తెర చూపించే ఎస్‌డీడీఎమ్ లేదా జీడీఎమ్, నెట్‌వర్క్ మేనేజర్, వీటిలో ఏ ఒక్కటి పోతున్నా ఆరోజుకు 'నో' చెప్పడమే తెలివైన పని. రెండు మూడు రోజుల్లో మిగతా ముక్కలు దిగాక అదే కమాండ్ మామూలుగా పూర్తవడం తరచూ జరిగేదే.

వారాలు గడిచినా ముడి వీడకపోతే దోషం రిపాజిటరీలో కాక సొంత కంప్యూటర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. టెస్టింగ్ నుంచి తీసేసిన ప్యాకేజీ వాడుకరి దగ్గర నుంచి దానంతటదే పోదు. ఏ రిపాజిటరీలోనూ లేని ఆ పాత ప్యాకేజీ తనకు కావలసిన పాత లైబ్రరీని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, ఆ లైబ్రరీ ప్లాస్మా మొత్తాన్ని పట్టుకుంటుంది. ఇలాంటి 'దిక్కులేని' ప్యాకేజీల జాబితాను ఆప్ట్‌లోనే అడగవచ్చు. అందులో ఒక్కదాన్ని తీసేస్తే నూటయాభై ప్యాకేజీలు కదిలిన సందర్భాలు ఉంటాయి. బయటి రిపాజిటరీల నుంచి ఎక్కించినవీ ఇదే కోవలోకి వస్తాయి.

ప్యాకేజీ మారకుండా ఆపే హోల్డ్ పెట్టడం ఉపయోగమే, కానీ అదొక అప్పు లాంటిది. ఒక ప్యాకేజీని వారం ఆపితే మేలు, నెలలు ఆపి మరిచిపోతే తర్వాతి ట్రాన్సిషన్‌కు అదే అడ్డుకట్ట. తొందరపడి రెండు మూడు ముక్కలను అన్‌స్టేబుల్ నుంచి లాక్కోవడం అంతకంటే రిస్క్. ఏ ప్యాకేజీ ఏ శాఖ నుంచి రావాలో చెప్పే పిన్నింగ్ సరిగా రాసుకున్నా ఆ ముక్కలు తమ డిపెండెన్సీలను వెంట తెచ్చుకుంటాయి, చివరికి డెబియన్‌లో ఎవరూ పరీక్షించని ఒక మిశ్రమం తయారవుతుంది. ఇక ట్రాన్సిషన్ మధ్యలో, అక్కర్లేనివనిపించే ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ ఇవ్వకపోవడం మంచిది. ఒక ప్యాకేజీ తాత్కాలికంగా పోయినప్పుడు, దానికోసం వచ్చినవన్నీ ఎవరికీ అక్కర్లేనివిగా కనిపిస్తాయి. తీవ్రమైన బగ్స్ నమోదై ఉంటే ఎక్కించేముందే హెచ్చరించే ఆప్ట్-లిస్ట్‌బగ్స్ టెస్టింగ్ కంప్యూటర్‌లో ఉండాల్సిన సాధనం.

నడుస్తున్న ఇంటికి పునాది మార్చడం

ప్లాస్మాలో పని చేసుకుంటూనే ప్లాస్మాను అప్‌గ్రేడ్ చేస్తే ఒక విచిత్రం జరుగుతుంది. మెమరీలో ఉన్నది పాత ప్రోగ్రామ్, డిస్క్ మీద ఉన్నవి కొత్త ఫైళ్ళు. ఈలోగా స్క్రీన్ లాక్ పడితే, లాకర్ కొత్త ఫైళ్ళను చదవలేక విఫలమై, లాక్ పాడైందని, వేరే టెర్మినల్‌కు వెళ్ళి లాగిన్‌సీటీఎల్ కమాండ్‌తో తెరవమని నల్లటి తెర మీద సందేశం చూపిస్తుంది. అప్‌గ్రేడ్ సగంలో ఉండగా ఆ తెర కనిపిస్తే కంగారుగా పవర్ బటన్ నొక్కేవారే ఎక్కువ, అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ టెర్మినల్‌లో లాగిన్ అయి అక్కడి నుంచి అప్‌గ్రేడ్ చేస్తే ఈ గొడవే ఉండదు. కనీసం స్క్రీన్ లాక్‌నైనా ఆపాలి, పూర్తయ్యాక రీబూట్ చెయ్యాలి.

వెనక్కి వెళ్ళే దారి ముందే వేసుకోవాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఉంటే అప్‌గ్రేడ్‌కు ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకోవడం సెకన్ల పని. అయితే హోమ్ ఫోల్డర్ విడి సబ్‌వాల్యూమ్‌లో (బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో వేరే భాగంలో) ఉంటే, సిస్టమ్‌ను వెనక్కి తిప్పినా దానిలోని సెట్టింగ్స్ తిరగవు. ప్లాస్మా 6 ఒకసారి మార్చి రాసిన ప్యానెల్ సెట్టింగ్స్‌ను ప్లాస్మా 5 అర్థం చేసుకుంటుందన్న హామీ లేదు. ఆ దాగి ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్‌కు విడిగా ఒక కాపీ ఉండాలి.

కొన్ని మార్పులు బగ్స్ కాకపోయినా బగ్స్‌లా అనిపిస్తాయి. ప్లాస్మా 6లో ఫైల్ తెరవడానికి ఒక క్లిక్ బదులు రెండు క్లిక్‌లు డిఫాల్ట్ అయ్యాయి, ప్యానెల్ తెర అంచు నుంచి కాస్త ఎడంగా తేలుతుంది, ప్లాస్మా 5 కోసం రాసిన బయటి విడ్జెట్లు మార్చి రాస్తేనే పనిచేస్తాయి. కేడీఈ డిఫాల్ట్ సెషన్ పాత ఎక్స్11 బదులు, తెరను చూపించే కొత్త పద్ధతి వేలాండ్ కావడం వీటిలో పెద్దది. తెలుగులో టైప్ చేసేవారికి ఇది నేరుగా తగులుతుంది. సిస్టమ్ కీబోర్డుగా పెట్టుకున్న ఇన్‌స్క్రిప్ట్ రెండు సెషన్లలోనూ మామూలుగానే పనిచేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి కోసం ఎఫ్‌సీఐటీఎక్స్ 5 అనే ఇన్‌పుట్ సాధనం వాడితే మాత్రం, వేలాండ్‌లో దాన్ని సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డ్ భాగంలో ఎంచుకోవాలి. పేరు చూసి అది టచ్ స్క్రీన్ వ్యవహారమనుకుని వదిలేస్తే, అప్‌గ్రేడ్ తర్వాత తెలుగు రావడం లేదనిపిస్తుంది.

మిగతావాళ్ళ దారులు

ఇదే సమస్యను ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్ వేరేగా ఎదుర్కొంటుంది. అక్కడ ప్యాకేజీలు విడివిడిగా రావు. మొత్తం రిపాజిటరీని ఒక స్నాప్‌షాట్‌గా కట్టి, ఓపెన్‌క్యూఏ అనే ఆటోమేటిక్ వ్యవస్థలో ఇన్‌స్టాల్ చేసి, డెస్క్‌టాప్ నిజంగా తెరుచుకుంటోందా అని తెరను చూసి పరీక్షించాకే వదులుతారు. సగం డెస్క్‌టాప్ అన్న మాట అక్కడ దాదాపు పుట్టదు. ఫెడోరాలో పెద్ద డెస్క్‌టాప్ మార్పుకు పక్కన ఒక బిల్డ్ స్థలం తీసుకుని, అన్నీ అక్కడ సిద్ధం చేసి ఒకే అప్‌డేట్‌గా పంపుతారు. ఆర్చ్ సూత్రం ఇంకా సూటిగా ఉంటుంది: సగం అప్‌గ్రేడ్‌కు మద్దతే లేదు, చేస్తే అంతా చెయ్యాలి. ఉబుంటు మాత్రం తన అభివృద్ధి శాఖలో డెబియన్ నుంచి వచ్చిన బ్రిట్నీ పద్ధతినే వాడుతుంది.

వీటితో పోలిస్తే డెబియన్ పద్ధతి పాతదిగా కనిపించవచ్చు. కానీ టెస్టింగ్ పుట్టింది రోజూ వాడే డెస్క్‌టాప్ కోసం కాదు, తర్వాతి స్టేబుల్‌ను కొంచెం కొంచెంగా వండడానికి. దాని షరతులన్నీ ఆ వంట కోసం పెట్టినవే. దాన్ని రోజువారీ భోజనంగా వాడుకోవడం వాడుకరుల ఎంపిక.

ఫ్రీజ్, ఆ తర్వాత

విడుదల దగ్గరపడే కొద్దీ గేటు బిగుసుకుంటుంది, దీన్నే ఫ్రీజ్ అంటారు. డెబియన్ 13, అంటే ట్రిక్సీ కోసం 2025 మార్చి 15న ట్రాన్సిషన్లు ఆపారు, ఏప్రిల్ 15న సాఫ్ట్ ఫ్రీజ్, మే 15న హార్డ్ ఫ్రీజ్. ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6.3 అందులో చోటు దక్కించుకుంది, జూన్‌లో వచ్చిన 6.4కు దక్కలేదు. గ్నోమ్ వైపు 48వ వెర్షన్ చేరింది. ఇంతకుముందైతే ఎడం ఇంకా ఎక్కువ ఉండేది. కేడీఈ 4.0 2008 జనవరిలో వచ్చినా, 2009 ఫిబ్రవరిలో విడుదలైన డెబియన్ లెనీ కేడీఈ 3.5తోనే వెళ్ళింది. తొలి కేడీఈ 4 ఎంత తడబడిందో గుర్తున్నవారు దాన్ని తప్పు నిర్ణయం అనరు.

ఫ్రీజ్ నెలల్లో టెస్టింగ్ ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతతను చూసి ఇక భయం లేదనుకున్నవారికి అసలు వరద విడుదల మర్నాటి నుంచి మొదలవుతుంది, నెలల తరబడి ఆపి ఉంచిన ట్రాన్సిషన్లన్నీ వరుసగా దిగుతాయి. అప్పుడు ఎవరు ఎటు వెళతారన్నది రిపాజిటరీ ఫైల్‌లో రాసుకున్న ఒక్క పదం మీద ఆధారపడి ఉంటుంది. 2025 ఆగస్టు 9న ట్రిక్సీ స్టేబుల్‌గా విడుదలైంది. ఆ ఫైల్‌లో 'ట్రిక్సీ' అని రాసి ఉన్న కంప్యూటర్లు ఆ రోజు నుంచి, ఏమీ చెయ్యకుండానే, స్టేబుల్ అయిపోయాయి. 'టెస్టింగ్' అని రాసి ఉన్నవి తర్వాతి అప్‌డేట్‌తో, ట్రిక్సీ తర్వాత రావాల్సిన ఫోర్కీ దారి పట్టాయి.